క్యాంపస్ వైఫై: సీనియర్లు దాటేయమనే ఆ ఒక్క గడి

అడ్మిషన్లు పూర్తయి హాస్టళ్లు నిండే రోజుల్లో, క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. క్యాంపస్ వైఫై ఎలా కలుపుకోవాలో అందులో నాలుగు లైన్లలో ఉంటుంది. మెథడ్ దగ్గర పీప్, దాని కింద ఎంఎస్‌చాప్ వీ2 (రెండూ పాస్‌వర్డ్‌ని సరిచూసే పద్ధతుల పేర్లు), ఐడెంటిటీ దగ్గర రోల్ నంబర్, సర్టిఫికెట్ దగ్గర 'డోంట్ వాలిడేట్', అంటే సరిచూడొద్దు అని. అలా పెడితే నెట్ వచ్చేస్తుంది. వచ్చేస్తుంది కాబట్టే ఆ మెసేజ్ మరుసటి ఏడాది జూనియర్లకూ చేరుతుంది.

మొదటి మూడు లైన్లతో పెద్దగా పేచీ లేదు. నాలుగో లైను మాత్రం పాస్‌వర్డ్ కొట్టేయాలనుకునేవాడికి పని తేలిక చేసి పెడుతుంది. అది ఒట్టి వైఫై పాస్‌వర్డే అయితే పోనీలే అనుకోవచ్చు. కానీ చాలా యూనివర్సిటీల్లో మెయిల్, మార్కులు, ఫీజు రసీదులు, లైబ్రరీ ఖాతా అన్నిటికీ అదే పాస్‌వర్డ్. అది పోతే ఇంటర్నెట్ ఒక్కటే పోదు, సెమిస్టరంతా పెట్టుకున్న ఖాతా మొత్తం ఇంకొకరి చేతిలో పడుతుంది. అందుకే క్యాంపస్ వైఫైకి ల్యాప్‌టాప్‌ని కలిపేటప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సెట్టింగ్, అందరూ దాటేసే ఆ సర్టిఫికెట్ గడే.

ఇది అర్థం కావాలంటే ముందు ఇంటి వైఫైకి, క్యాంపస్ వైఫైకి తేడా చూడాలి. ఇంట్లో అందరికీ ఒకటే పాస్‌వర్డ్. చుట్టాలొస్తే వాళ్లకీ అదే చెబుతాం. వేలమంది ఉండే క్యాంపస్‌లో ఈ పద్ధతి కుదరదు. కోర్సు పూర్తయి ఒక బ్యాచ్ వెళ్లిపోయినప్పుడల్లా అందరి ల్యాప్‌టాప్‌లలో పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తుంది. పైగా ఉమ్మడి పాస్‌వర్డ్ తెలిసినవాడు, పక్కవాడు వైఫైకి కనెక్టయ్యే క్షణంలో గాల్లో నడిచే సంభాషణను పట్టుకోగలిగితే, ఆ తర్వాతి ట్రాఫిక్‌ని కూడా విప్పి చూసే అవకాశం ఉంది. అందుకని క్యాంపస్‌లలో డబ్ల్యూపీఏ2-ఎంటర్‌ప్రైజ్ అనే పద్ధతి వాడతారు. 2001లో వచ్చిన 802.1ఎక్స్ ప్రమాణం దీనికి పునాది. ఇందులో ఎవరి యూజర్‌నేమ్ వాళ్లది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. కనెక్టయిన ప్రతిసారీ ఎవరికి వాళ్లకి వేరే తాళం తయారవుతుంది.

ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ పేరు మీద నొక్కగానే, గోడకున్న వైఫై పెట్టె, అంటే యాక్సెస్ పాయింట్, వెంటనే లోపలికి రానివ్వదు. రానివ్వాలా వద్దా అన్నది తేల్చే అధికారం దానికి లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి ఫోన్ చేసి కనుక్కున్నట్టు, అది రేడియస్ అనే సర్వర్‌ని అడుగుతుంది. అసలు మాటలు ల్యాప్‌టాప్‌కి, ఆ సర్వర్‌కి మధ్యే నడుస్తాయి. యాక్సెస్ పాయింట్ వాటిని అటూ ఇటూ అందిస్తుందంతే. ముందుగా సర్వర్ తన గుర్తింపు కార్డులాంటి సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని ఆధారంగా ఇద్దరి మధ్య ఒక ఎన్‌క్రిప్టెడ్ దారి, అంటే బయటివాళ్లు చదవలేని దారి, ఏర్పడుతుంది. పాస్‌వర్డ్‌కి సంబంధించిన రుజువు ఆ దారి లోపలే వెళ్తుంది. సర్వర్ సరేనంటే యాక్సెస్ పాయింట్ దారి వదులుతుంది.

ఈ ఏర్పాటుని దేశాల సరిహద్దులు దాటించిందే ఎడ్యురోమ్. 2002లో నెదర్లాండ్స్‌లోని సర్ఫ్‌నెట్ సంస్థకు చెందిన క్లాస్ వీరెంగా ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. ఇప్పుడది వందకు పైగా దేశాల్లో నడుస్తోంది. మన దేశంలో దీని బాధ్యత ఎర్నెట్ ఇండియాది, అమెరికాలో ఇంటర్నెట్2ది, బ్రిటన్‌లో జిస్క్‌ది. ఒక యూనివర్సిటీ ఇచ్చిన ఖాతాతో, ఎడ్యురోమ్‌లో చేరిన మరే క్యాంపస్‌లోనైనా వైఫై వాడుకోవచ్చు. కొత్తగా ఎవరినీ అడగనక్కర్లేదు, ఫారాలు నింపనక్కర్లేదు.

ఇక్కడే యూజర్‌నేమ్‌లో @ గుర్తు తర్వాతి భాగం అవసరమవుతుంది. మన దేశపు విద్యార్థి జర్మనీలో ఒక క్యాంపస్‌లో ల్యాప్‌టాప్ తెరిస్తే, అక్కడి సర్వర్ ఆ భాగాన్ని చూసి ఇది మన విద్యార్థి కాదని గుర్తిస్తుంది. అభ్యర్థనను పైస్థాయి సర్వర్లకు పంపుతుంది. అక్కడినుంచి అది మన దేశపు సర్వర్‌కి, దాన్నుంచి సొంత యూనివర్సిటీ సర్వర్‌కి చేరుతుంది. పాస్‌వర్డ్ మాత్రం దారిలో ఎవరికీ కనపడదు. అది ల్యాప్‌టాప్‌కీ సొంత యూనివర్సిటీకీ మధ్య ఉన్న ఎన్‌క్రిప్టెడ్ దారిలోనే ఉంటుంది. చాలామంది @ తర్వాతి భాగం వదిలేసి ఒట్టి రోల్ నంబర్ కొడతారు. సొంత క్యాంపస్‌లో కొన్నిచోట్ల అది పనిచేస్తుంది కూడా. తీరా ఏ సెమినార్‌కో వేరే ఊరు వెళ్లాక కనెక్ట్ కాదు, ఎందుకు కావట్లేదో ఎంతకీ అంతుపట్టదు. మొదటి రోజే పూర్తి ఐడీ కొట్టుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతి. సర్వర్ మన పాస్‌వర్డ్ అడిగి మనమెవరో తేల్చుకుంటోంది, బాగానే ఉంది. మరి అడుగుతున్నది నిజంగా యూనివర్సిటీ సర్వరేనా అన్నది ఎవరు తేల్చాలి? ల్యాప్‌టాపే తేల్చాలి. సర్టిఫికెట్ ఉన్నది అందుకే. 'డోంట్ వాలిడేట్' అని పెట్టిన క్షణం నుంచి ఆ పరీక్ష ఆగిపోతుంది. అడిగిన ప్రతి సర్వర్‌కీ ల్యాప్‌టాప్ జవాబు చెప్పేస్తుంది.

వైఫై పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు. ఒక మామూలు ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, ఎడ్యురోమ్ అనే పేరుతో ఒక నకిలీ నెట్‌వర్క్ లేపొచ్చు. అది క్యాంపస్‌లోనే ఉండాలన్న రూలేమీ లేదు. బస్టాండులో ఉండొచ్చు, కాలేజీ ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్లో ఉండొచ్చు. తెలిసిన పేరు కనపడగానే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మనల్ని అడక్కుండానే కనెక్ట్ కావడానికి ప్రయత్నిస్తాయి. పరీక్ష ఆపేసి ఉంటే, జేబులో ఉన్న ఫోన్ జేబులోనే ఉండగా పాస్‌వర్డ్ రుజువు నకిలీ సర్వర్‌కి చేరిపోతుంది. ఆ మనిషికి ఏమీ తెలియదు. తెరమీద ఏ హెచ్చరికా రాదు.

పాస్‌వర్డ్‌ని నేరుగా పంపట్లేదు కదా, రుజువే కదా పంపేది అని కొందరంటారు. ఎంఎస్‌చాప్ వీ2 విషయంలో ఆ మాట నిజమే, కానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. 1990ల నాటి ఈ పద్ధతి డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ మీద ఆధారపడి ఉంది. 2012లో భద్రతా పరిశోధకులు మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో దీని గుట్టు విప్పారు. పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా, ఎంత కష్టమైనదైనా, ఒక్క 56 బిట్ల డెస్ తాళాన్ని వెతికితే సరిపోతుందని, తగిన హార్డ్‌వేర్ ఉంటే ఒక రోజులోపే అది దొరుకుతుందని చూపించారు. ఇక పేరు, పుట్టిన ఏడాది కలిపి పెట్టుకున్న పాస్‌వర్డ్ అయితే అంత హార్డ్‌వేర్ కూడా అక్కర్లేదు, మామూలు కంప్యూటర్‌తో ఊహించి పట్టేస్తారు. కొన్ని యూనివర్సిటీలు టీటీఎల్‌ఎస్, దాని లోపల పాప్ అనే పద్ధతి వాడతాయి. అందులో ఎన్‌క్రిప్టెడ్ దారి లోపల పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. దారి చివర ఉన్నది నకిలీ సర్వరైతే ఇక ఛేదించాల్సిన పనే లేదు, చదువుకోవడమే. రెండు పద్ధతుల్లోనూ భద్రత భారమంతా సర్టిఫికెట్ పరీక్ష మీదే ఉంది.

బ్రౌజర్లో ఇంత గొడవ లేదు కదా, వైఫైకే ఎందుకు? బ్రౌజర్లో మనం బ్యాంకు అడ్రస్ కొడతాం. వచ్చిన సర్టిఫికెట్ ఆ అడ్రస్‌దేనా కాదా అని బ్రౌజర్ పోల్చుకుంటుంది. వైఫైలో అలా పోల్చుకోవడానికి అడ్రస్ ఉండదు, నెట్‌వర్క్ పేరొక్కటే ఉంటుంది. ఏ పేరుకి ఏ సర్వర్ నిజమైనదో ల్యాప్‌టాప్‌కి దానంతటది తెలిసే దారి లేదు. మనమే ముందుగా రెండు సంగతులు చెప్పి పెట్టాలి. సర్టిఫికెట్‌ని ఏ అథారిటీ (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) జారీ చేసి ఉండాలి, అందులో సర్వర్ పేరు ఏమై ఉండాలి. ఈ రెండో దాన్ని చాలామంది వదిలేస్తారు. ఒట్టి 'సిస్టమ్ సర్టిఫికెట్లు వాడు' అని పెట్టి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ఎందుకంటే సొంత డొమైన్ పేరున్న ఎవరైనా ఆ డొమైన్‌కి అసలైన సర్టిఫికెట్ ఉచితంగా తెచ్చుకోవచ్చు. అథారిటీ నిజమైనదే, సర్టిఫికెట్ నిజమైనదే, కాకపోతే అది మన యూనివర్సిటీది కాదు. సర్వర్ పేరు రాసే డొమైన్ గడి నింపితేనే ఆ తేడా ల్యాప్‌టాప్ పట్టుకోగలదు.

ఇన్ని సంగతులు ప్రతి విద్యార్థీ గుర్తుపెట్టుకుని చేతితో నింపాలనడం అన్యాయం. ఎడ్యురోమ్ నడిపేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. అందుకే క్యాట్ అనే సాధనం తయారుచేశారు. యూనివర్సిటీ వివరాలు అందులో ఉంటే, క్యాట్ డాట్ ఎడ్యురోమ్ డాట్ ఆర్గ్‌కి వెళ్లి సంస్థ పేరు ఎంచుకోవడమే ఆలస్యం, విండోస్‌కి, మ్యాక్‌కి, లైనక్స్‌కి విడివిడిగా ఇన్‌స్టాలర్ దిగుతుంది. దాన్ని నడిపి ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే మిగతా గడులన్నీ అదే సరిగ్గా నింపుతుంది. ఇదే పనిచేసే గెట్‌ఎడ్యురోమ్ అనే యాప్ కూడా ఉంది. ఈ దారి అందుబాటులో ఉన్నంతవరకు చేతితో సెట్ చేసుకోవడం అనవసరం.

అందుబాటులో లేనప్పుడు సంగతి వేరు. విండోస్‌లో నెట్‌వర్క్ పేరు మీద నేరుగా నొక్కి ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే ఒక ప్రశ్న వస్తుంది. ఈ నెట్‌వర్క్ ఇక్కడ ఉంటుందని మీకు తెలిస్తే ముందుకు వెళ్లండి, లేదంటే ఇది అదే పేరుతో ఉన్న వేరే నెట్‌వర్క్ కావచ్చు అన్నది దాని సారాంశం. దాని కిందే సర్టిఫికెట్ వివరాలు చూపించే లింకు ఉంటుంది. చాలామంది చదవకుండా కనెక్ట్ నొక్కేస్తారు. ఆ లింకు నొక్కితే సర్టిఫికెట్ వేలిముద్ర, అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడవాటి వరుస కనపడుతుంది. కంప్యూటర్ సెంటర్ వాళ్లు తమ పేజీలో ఇచ్చిన వరుసతో దాన్ని పోల్చి, కలిస్తేనే ముందుకు వెళ్లాలి. ఇంకా పక్కాగా కావాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ నుంచి కొత్త కనెక్షన్‌ని మాన్యువల్‌గా పెట్టుకోవచ్చు. అందులో సెక్యూరిటీ ట్యాబ్ కింద పీప్ సెట్టింగ్స్ తెరిస్తే సర్వర్ గుర్తింపు సరిచూడమనే టిక్కు, సర్వర్ పేరు రాసే గడి, రూట్ అథారిటీల జాబితా మూడూ ఒకేచోట ఉంటాయి. అక్కడే ఎంఎస్‌చాప్ పక్కనున్న కాన్ఫిగర్ బటన్ నొక్కి, విండోస్ లాగిన్ పేరునే వాడమనే టిక్కు ఉంటే తీసేయాలి. లేకపోతే ల్యాప్‌టాప్ తన సొంత యూజర్ పేరును యూనివర్సిటీకి పంపి, కాదనిపించుకుని వస్తుంది.

లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో అన్నీ ఒకే కిటికీలో ఉంటాయి. సెక్యూరిటీ, ఆథెంటికేషన్, అనానిమస్ ఐడెంటిటీ, డొమైన్, సీఏ (అంటే అథారిటీ) సర్టిఫికెట్, దాని కింద 'సీఏ సర్టిఫికెట్ అవసరం లేదు' అనే చిన్న టిక్కు. యూట్యూబ్ వీడియోల్లో కనపడే సలహా ఆ టిక్కు పెట్టేయమనే. పెట్టకూడదు. యూనివర్సిటీ ఇచ్చిన సర్టిఫికెట్ ఫైలుని అక్కడ చూపించి, డొమైన్ గడిలో సర్వర్ డొమైన్ రాయాలి. అనానిమస్ ఐడెంటిటీ అంటే ఎన్‌క్రిప్టెడ్ దారి ఏర్పడకముందు బయటికి కనపడే పేరు. అక్కడ అనానిమస్ అని రాసి @ తర్వాత యూనివర్సిటీ డొమైన్ పెడితే, దారిలో ఉన్న సర్వర్లకు ఫలానా యూనివర్సిటీ మనిషి అన్నదే తెలుస్తుంది, రోల్ నంబర్ తెలియదు.

ఫోన్ల సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, ఆండ్రాయిడ్ 11కి 2020 డిసెంబర్‌లో వచ్చిన అప్‌డేట్‌తో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో 'డోంట్ వాలిడేట్' అనే అవకాశమే తీసేశారు. అప్పట్లో చాలామంది ఇదేం గోల అని విసుక్కున్నారు. తీసేయడమే సరైన పని.

అన్నీ సరిగ్గా పెట్టినా కనెక్ట్ కాని సందర్భాలుంటాయి. పాత ల్యాప్‌టాప్‌లో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే, తేదీ ఎప్పటిదో పాత ఏడాదికి వెళ్లిపోతుంది. ఆ తేదీకి సర్టిఫికెట్ ఇంకా పుట్టి ఉండదు కాబట్టి ల్యాప్‌టాప్ దాన్ని నమ్మదు. నెట్ ఉంటేగానీ తేదీ దానంతటది సరికాదు, తేదీ సరైతేగానీ నెట్ రాదు. చేతితో తేదీ మార్చుకోవడమే దీనికి మందు. ఉబుంటు 22.04 వచ్చినప్పుడు అంతకుముందు వరకు బాగా నడిచిన ల్యాప్‌టాప్‌లు కొన్ని క్యాంపస్‌లలో ఒక్కసారిగా మొండికేశాయి. అందులో ఎన్‌క్రిప్షన్ పని చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 అనే సాఫ్ట్‌వేర్, పాత రేడియస్ సర్వర్లు వాడే ఒక అసురక్షితమైన అలవాటును ఒప్పుకోకపోవడమే కారణం. అక్కడ తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, అప్‌డేట్ చేయని సర్వర్‌ది. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ జరిగినవన్నీ రాసుకునే లాగ్‌లో వచ్చిన లైను కాపీ చేసి కంప్యూటర్ సెంటర్‌కి పంపితే, వైఫై రావట్లేదు సార్ అని పదిసార్లు తిరిగిన దానికంటే పని త్వరగా అవుతుంది.

పాస్‌వర్డ్ మార్చిన రోజు జాగ్రత్తగా ఉండాలి. ల్యాప్‌టాప్‌లో కొత్తది పెట్టుకుని ఫోన్ సంగతి మర్చిపోతే, ఫోన్ పాత పాస్‌వర్డ్‌తో అదే పనిగా ప్రయత్నిస్తుంటుంది. చాలా సంస్థల్లో కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత ఖాతా లాక్ అవుతుంది. పరీక్ష ముందు రోజు హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకోబోతే లాగిన్ కాదు, ఇక టెన్షన్ మొదలు. ముందుగా అన్ని పరికరాల్లోనూ పాత నెట్‌వర్క్‌ని తీసేసి, ఆ తర్వాతే పాస్‌వర్డ్ మార్చడం మంచిది. పరికరాల హార్డ్‌వేర్ అడ్రస్ ముందే రిజిస్టర్ చేయించుకునే హాస్టళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి ఫోన్లు, కొన్ని ల్యాప్‌టాప్‌లు అసలు అడ్రస్ దాచి మారుపేరులాంటి అడ్రస్ చూపిస్తాయి. ఆ ఒక్క నెట్‌వర్క్ వరకు ఆ సెట్టింగ్ ఆపుకుంటే సరిపోతుంది.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల ఎంటర్‌ప్రైజ్ పద్ధతి ఇంకా లేదు. కనెక్టయ్యాక ఒక లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, అందులో ఐడీ, పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పేజీ రాకపోతే డీఎన్‌ఎస్ (సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చే సర్వర్) చేతితో మార్చి పెట్టుకున్నారేమో, వీపీఎన్ నడుస్తోందేమో ముందు చూడాలి. ఎస్ లేని హెచ్‌టీటీపీ అడ్రస్, ఉదాహరణకు నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ కొడితే సాధారణంగా పేజీ బయటపడుతుంది. భద్రత విషయంలో మాత్రం ఇది ఎంటర్‌ప్రైజ్ కంటే బాగా వెనకబడిన పద్ధతి. నకిలీ లాగిన్ పేజీ తయారుచేయడం ఇంకా సులువు. పైగా కొన్ని కాలేజీల పేజీ తెరవగానే బ్రౌజర్ ఎర్రటి హెచ్చరిక చూపిస్తుంది, పర్వాలేదు నొక్కెయ్యమని సిబ్బందే చెబుతారు. హెచ్చరికని లెక్కచేయకపోవడం చదువుతో పాటే అలవాటవుతుంది. కాలేజీ ఫైర్‌వాల్ (నెట్ ట్రాఫిక్‌ని కాపలా కాసే యంత్రం) రూట్ సర్టిఫికెట్‌ని బ్రౌజర్లో వేసుకోమంటే ఇంకా ఆలోచించాలి. దాంతో ఫైర్‌వాల్ తలుచుకుంటే బ్యాంకు, మెయిల్ లాంటి సైట్ల ట్రాఫిక్‌ని కూడా విప్పి చూడగలదు. సొంత ల్యాప్‌టాప్‌లో అలాంటిది పెట్టమన్నప్పుడు ఎందుకో రాతపూర్వకంగా అడిగే హక్కు విద్యార్థికి ఉండాలి.

ఇందులో విద్యార్థుల తప్పు కంటే సంస్థల తప్పే ఎక్కువ. సర్టిఫికెట్ ఫైలు, సర్వర్ పేరు, వేలిముద్ర ఎక్కడా ప్రకటించకుండా పోస్టర్ మీద 'డోంట్ వాలిడేట్' అని అచ్చేసి చేతులు దులుపుకుంటే, పద్దెనిమిదేళ్ల పిల్లలు ఇంకేం చేస్తారు? ఈ నిర్లక్ష్యం ఇక ముందు సాగేది కాదు కూడా. బయటి అథారిటీలు ఇచ్చే సర్టిఫికెట్ల గడువు అంతకంతకూ తగ్గుతోంది. 2020 నుంచి 398 రోజులున్న గరిష్ఠ గడువు 2026 మార్చి నుంచి 200 రోజులకు, 2029 మార్చి నాటికి 47 రోజులకు దిగేలా 2025లో నిర్ణయమైంది. అథారిటీ, సర్వర్ పేరు సరిగ్గా పెట్టిన ల్యాప్‌టాప్‌లు సర్టిఫికెట్ మారినా మౌనంగా కనెక్ట్ అవుతాయి. చేతితో ఒప్పుకుంటూ పోయే ల్యాప్‌టాప్‌లలో మాత్రం ప్రతిసారీ కొత్త ప్రశ్న వస్తుంది. దాన్ని చదవకుండా నొక్కేవాళ్లకు అసలుకీ నకిలీకీ తేడా తెలిసే వీలే ఉండదు. వైఫై కోసమే పదేళ్లు, ఇరవై ఏళ్లు గడువున్న సొంత అథారిటీని నడుపుకోవడం, ప్రొఫైల్‌ని క్యాట్‌లో పెట్టడం కంప్యూటర్ సెంటర్లకు తలకు మించిన పనేమీ కాదు. ఇంకో అడుగు ముందుకేసి పాస్‌వర్డ్ బదులు ప్రతి విద్యార్థి ల్యాప్‌టాప్‌కీ ఒక సర్టిఫికెట్ ఇచ్చే ఈఏపీ-టీఎల్‌ఎస్‌కి మారితే, కొట్టేయడానికి పాస్‌వర్డే ఉండదు.

ఆగస్టులో అమెరికాకి ఎంఎస్ చదవడానికి బయల్దేరే మన పిల్లలు సెట్టింగ్ అంతా అక్కడికి వెళ్లాకే అనుకుంటారు. వెళ్లిన రోజు చేతిలో అక్కడి సిమ్ ఉండదు, నెట్ లేకపోతే ఇన్‌స్టాలర్ దిగదు, అది లేకపోతే క్యాంపస్ నెట్ రాదు. యూనివర్సిటీ ఐడీ చేతికొచ్చి, దాన్ని యాక్టివేట్ చేసుకున్నాక, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో కూర్చునే ఆ ఇన్‌స్టాలర్ నడుపుకోవచ్చు. దాన్ని నడిపేటప్పుడు ఎడ్యురోమ్ సిగ్నల్ చుట్టుపక్కల ఉండాల్సిన అవసరం లేదు. ఇక్కడి కాలేజీ పాత ప్రొఫైల్ అదే పేరుతో ఉంటే ముందు దాన్ని తొలగించాలి, రెండూ ఒకే పేరుతో ఉంటే ల్యాప్‌టాప్ మూతపడ్డ పాత ఖాతాతోనే ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. దగ్గర్లో ఎడ్యురోమ్ ఉన్న సంస్థ ఏదైనా ఉంటే, విమానం ఎక్కకముందే అక్కడ ఒకసారి ల్యాప్‌టాప్ తెరిచి కొత్త ఐడీ పనిచేస్తోందో లేదో చూసుకోవచ్చు.